స్పిరులినా, నాస్టాక్ సారాలతో సన్‌స్క్రీన్: ఎంత వేస్తే ఎంత రక్షణ?

చిత్రావతి_గట్టు (అనంతపురం)

అందరికీ నమస్కారం. నేరుగా విషయానికి వస్తా. పది చదరపు మీటర్ల స్పిరులినా (తినే నీలి ఆకుపచ్చ నాచు) తొట్లు నాలుగు నడుస్తున్నాయి. తినే పొడికి పోను మిగిలిన దాన్నుంచి సారం తీసి సన్‌స్క్రీన్‌లో వాడాలని ఆలోచన. వేరుశెనగ పీకే కూలీలు, ఉపాధి హామీ పనులకు పోయేవాళ్లు మధ్యాహ్నం ఎండలోనే ఉంటారు. ఇక్కడ వేసవిలో యూవీ సూచిక (ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత) 11 దాటుతుంది. వాళ్లకు అందే ధరలో ఒక క్రీమ్ చేయగలమా?

అడగాల్సినవి మూడు. స్పిరులినా సారం 5 శాతం వేస్తే ఎస్‌పీఎఫ్ (ఎండ రక్షణ అంకె) ఎంత పెరుగుతుంది? సారం నీళ్లతో తీయాలా, స్పిరిట్‌తో తీయాలా? ఎండను ఆపే తెల్ల పొడి జింక్ ఆక్సైడ్ పూర్తిగా మానేసి నాచు ఒక్కదానితో చేయడం కుదురుతుందా?

పెన్నా_ఆల్గే (కడప)

అన్నా, ఈ పనికి స్పిరులినా సరైన నాచు కాదు. దాంట్లో ఉండే నీలం రంగు ఫైకోసయనిన్ 620 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని పట్టుకుంటుంది. కెరోటినాయిడ్లు 450 దగ్గర, పత్రహరితం 430, 665 దగ్గర. ఇవన్నీ కంటికి కనిపించే వెలుగు. చర్మాన్ని కాల్చే యూవీ-బీ 290 నుంచి 320, లోపలికి దిగే యూవీ-ఏ 320 నుంచి 400. మీకు కావాల్సిన చోట స్పిరులినాకు బలం లేదు.

ఎండను నిజంగా అడ్డుకునే పదార్థాలు వేరే ఉన్నాయి. మైకోస్పోరిన్ తరహా అమైనో ఆమ్లాలు అంటారు, ఇక్కడ పొట్టిగా ఎంఏఏలు అని రాస్తా. నాస్టాక్, అనబీనా లాంటి నీలి ఆకుపచ్చ నాచుల్లో షైనోరిన్ ఉంటుంది, అది 334 నానోమీటర్ల దగ్గర గట్టిగా పట్టుకుంటుంది. సముద్రంలో పెరిగే ఎర్ర నాచు పోర్ఫైరాలో షైనోరిన్‌తో పాటు పోర్ఫైరా-334 కూడా దొరుకుతుంది. యూరప్ కంపెనీలు అమ్మే ‘నాచు సన్‌స్క్రీన్’ ముడిసరుకులో పేరున్నవి ఈ పోర్ఫైరా నుంచి తీసినవే. అది కంటికి కనిపించే పెద్ద నాచు, సూక్ష్మ నాచు కాదు. తొట్లలో మామూలుగా పెంచే స్పిరులినా రకాల్లో ఎంఏఏలు చెప్పుకోదగినంత ఉండవు.

డ్యునాలియెల్లా నాచులోని బీటా కెరోటిన్, హీమాటోకాకస్ నాచులోని అస్టాజాంథిన్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. అవీ 450-480 మధ్యనే. ఎండ వల్ల పుట్టి కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను తగ్గించడానికి పనికొస్తాయి గానీ ఎండకు గొడుగు పట్టవు.

హంద్రీ_కెమిస్ట్ (కర్నూలు)

అక్క చెప్పినదానికి లెక్క కలుపుతా. ఈ ఒక్క లెక్క అర్థమైతే మూడు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

షైనోరిన్ అణుభారం 332. 334 నానోమీటర్ల దగ్గర దాని మోలార్ శోషణ గుణకం, అంటే కాంతిని ఎంత గట్టిగా పీలుస్తుందో చెప్పే అంకె, 44,700. అంటే ఒక శాతం ద్రావణాన్ని ఒక సెంటీమీటరు మందంలో చూస్తే శోషణ 1,346 దాకా వస్తుంది. బరువుకు బరువు తూస్తే ఇది అవోబెంజోన్ లాంటి కృత్రిమ ఫిల్టర్లకు ఏమాత్రం తీసిపోదు. అణువు అసలైనదే, అందులో అనుమానం లేదు.

ఇప్పుడు చర్మం మీదికి రండి. ఎస్‌పీఎఫ్ పరీక్షలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల క్రీమ్ పూస్తారు. సాంద్రత నీటి అంత అనుకుంటే ఆ పొర మందం 0.002 సెంటీమీటర్లు. క్రీమ్‌లో శుద్ధ షైనోరిన్ 1 శాతం ఉంటే శోషణ 1346 × 1 × 0.002, అంటే 2.69 (శోషణ ఒకటి పెరిగిన ప్రతిసారీ దాటిపోయే కాంతి పదో వంతుకు తగ్గుతుంది). ఆ తరంగదైర్ఘ్యం దగ్గర వెయ్యి ఫోటాన్లు పడితే రెండే లోపలికి పోతాయి. అద్భుతమైన రక్షణ.

కానీ సీసాల్లో దొరికే సారంలో ఎంఏఏ 0.1 శాతం ఉంటే గొప్పే. దాన్ని మీరన్నట్టు 5 శాతం వేస్తే క్రీమ్‌లో మిగిలేది 0.005 శాతం. శోషణ 0.0135. నూటికి 97 వంతుల ఎండ నేరుగా దిగిపోతుంది, ఆగేది 3 వంతులు. ఇంకో సంగతి, ఎస్‌పీఎఫ్ అనేది ముఖ్యంగా యూవీ-బీ లెక్క. షైనోరిన్ పని చేసేది యూవీ-ఏ మొదటి భాగంలో. కాబట్టి 5 శాతం నాచు సారంతో ఎస్‌పీఎఫ్ పెరగదు. జింక్ మానేసి నాచు ఒక్కదానితో చేస్తే వేసుకున్నవాళ్లు కాలిపోతారు. మూడో ప్రశ్నకు జవాబు గట్టిగా వద్దు.

చిత్రావతి_గట్టు

లెక్క కండ్లు తెరిపించింది సార్. మరి 1 శాతం షైనోరిన్ చేరేదాకా సారాన్ని చిక్కబరిస్తే?

పెన్నా_ఆల్గే

నాచు వైపు నుంచి లెక్క వేద్దాం. ఎండలో బాగా ఒత్తిడికి గురైన నాస్టాక్ పొడిలో ఎంఏఏ 0.5 శాతం వచ్చిందనుకోండి. 100 గ్రాముల క్రీమ్‌కు 1 గ్రాము షైనోరిన్ కావాలంటే 200 గ్రాముల పొడి నాచు కావాలి, అదీ ఒక్క చుక్క వృథా కాకుండా తీయగలిగితే. నాస్టాక్ లీటరుకు 0.5 గ్రాము పొడి ఇచ్చిందంటే 400 లీటర్ల కల్చర్ (నాచు పెరిగే నీళ్లు). ఒక్క ట్యూబుకు రెండు డ్రమ్ముల నీళ్లు! అనంతపురం సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు. వేసవిలో నీళ్ల తొట్టి నుంచి రోజుకు 10 మిల్లీమీటర్ల దాకా ఆవిరైపోతుంది, అంటే మీ పది చదరపు మీటర్ల తొట్టి ఒక్కొక్కటీ రోజుకు 100 లీటర్లు తాగేస్తుంది. ఇక్కడ నాచును ప్రధాన ఫిల్టర్‌గా చేసుకోవడం నీళ్ల లెక్కకే నిలవదు.

షైనోరిన్ తయారుచేసే జన్యువుల వరస 2010లోనే తేలింది. దాన్ని వేగంగా పెరిగే సూక్ష్మజీవుల్లోకి ఎక్కించి తయారు చేసే ప్రయత్నాలు అప్పట్నుంచి నడుస్తున్నాయి. చవగ్గా శుద్ధ షైనోరిన్ వచ్చేది ఆ దారినే అని నా నమ్మకం. చెరువుల దారిన కాదు.

సీమ_చర్మం (కడప)

రెండో ప్రశ్న గురించి. స్పిరిట్‌తో సారం తీయడం ఈ పనికి ప్రమాదం. కారణం పత్రహరితం. స్పిరిట్, అసిటోన్‌లోకి పత్రహరితం మొత్తం దిగుతుంది. నిల్వలో, ఆమ్లంలో అది విరిగి ఫియోఫోర్బైడ్‌గా మారుతుంది. ఫియోఫోర్బైడ్ మీద వెలుగు పడితే చర్మంలో చురుకైన ఆక్సిజన్ పుట్టి ఎర్రబారడం, మంట, బొబ్బలు వస్తాయి. 1970ల్లో జపాన్‌లో క్లోరెల్లా అనే పచ్చ నాచు మాత్రలు తిన్నవాళ్లకు ఎండ తగిలిన చోట చర్మం దెబ్బతినడానికి కారణం ఇదే అని తేలింది. ఆ తర్వాత అక్కడ క్లోరెల్లాలో ఫియోఫోర్బైడ్‌కు హద్దు పెట్టారు. అది తిన్నప్పుడు జరిగింది. మీరు చేస్తున్నది ఎండలోకి పోయేముందు ముఖానికి పూసే వస్తువు. పచ్చటి సారం చూడటానికి సహజంగా ఉంటుంది, అందుకే జనం మోసపోతారు. సన్‌స్క్రీన్‌లోకి వెళ్లే నాచు సారంలో పచ్చదనం ఉండకూడదు.

ఎంఏఏలు నీళ్లలో హాయిగా కరుగుతాయి, పత్రహరితం కరగదు. కాబట్టి నీళ్లతో తీయండి. పని సగం అక్కడే అయిపోతుంది.

గండికోట_బండ (కడప)

మేడం, పెన్నా అక్కా, నాదొక సందేహం. మా పక్క కాంపౌండ్ గోడల మీద, కడప బండలు పరిచిన మిద్దెల మీద వానకాలంలో నల్లగా పొర పాకుతాది. ఎండాకాలం పెళుసుగా ఎండిపోతాది, వాన పడంగనే మళ్లీ జిగురుగా ఉబ్బుతాది. అంత ఎండకు చావకుండా ఉండాదంటే దాంట్లో ఏదో ఉండల్ల కదా. దాన్ని గీకి వాడుకోలేమా? యాడ చూసినా ఊరికే దొరుకుతాది.

పెన్నా_ఆల్గే

మంచి చూపు తమ్ముడూ. ఉండేది సైటోనెమిన్. నాచు దారం చుట్టూ ఉండే జిగురు తొడుగులో ఈ పసుపు గోధుమ రంగు పదార్థం చేరుతుంది. ఆ పొరలో గోరంత ముక్కను నీళ్లలో నానబెట్టి గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో 400 రెట్లలో చూస్తే, పూసల దండల్లాంటి పచ్చటి కణాలు, వాటి చుట్టూ టీ డికాషన్ రంగు గొట్టం కనిపిస్తాయి. ఎండ నేరుగా తగిలే పై దారాల తొడుగు ముదురుగా, కింద నీడలో ఉన్నవి దాదాపు రంగు లేకుండా ఉంటాయి. సైటోనెమిన్ 384-386 దగ్గర బలంగా పట్టుకుంటుంది, అంటే ఎంఏఏలు వదిలేసే యూవీ-ఏ చివరి భాగం. ఏళ్లు ఎండినా విరగదు. దాని నిర్మాణం 1993లో తేలింది, పేరు మాత్రం 19వ శతాబ్దం నుంచే ఉంది.

ఇక ఎందుకు వద్దో చెప్తా. సైటోనెమిన్ నీళ్లలో కరగదు, అసిటోన్ గానీ మిథనాల్, ఇథైల్ అసిటేట్ మిశ్రమం గానీ కావాలి. వాటితో పాటు పత్రహరితం కూడా వస్తుంది. విడదీయాలంటే కాలమ్ క్రోమటోగ్రఫీ (పొడి నింపిన గొట్టం గుండా పోనిచ్చి విడదీసే ల్యాబ్ పద్ధతి) చేయాలి. గోడ మీది పొరలో ఏ జాతులు కలిసి ఉన్నాయో కంటితో చెప్పలేం, కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు మైక్రోసిస్టిన్ లాంటి విషాలు తయారు చేస్తాయి. గోడకు వేసిన సున్నం, పెయింటు, రోడ్డు దుమ్ములోని సీసం అన్నీ ఆ జిగురులో ఇరుక్కుని ఉంటాయి. గీకిన పొర చర్మానికి పనికిరాదు.

స్వచ్ఛమైన జాతి కావాలంటే ఢిల్లీ ఐఏఆర్‌ఐ (భారత వ్యవసాయ పరిశోధన సంస్థ)లోని నీలి ఆకుపచ్చ నాచుల సేకరణ కేంద్రం ఉంది. సముద్రపు రకాలకైతే తిరుచిరాపల్లిలో భారతీదాసన్ విశ్వవిద్యాలయం దగ్గరి జాతీయ కేంద్రం. జాతి పేరు, నంబరు ఉన్న కల్చర్ అడిగి తెచ్చుకోండి.

చిత్రావతి_గట్టు

సరే, నాచు సహాయక పదార్థంగానే ఉండనీ, జింక్ ప్రధానం. ఒక చిన్న ప్రయోగం చేయాలంటే నాస్టాక్ పెంచడం నుంచి సారం దాకా వివరంగా చెప్తారా అక్కా? మా బోరు నీళ్లతో స్పిరులినా అయితే నడుస్తోంది.

పెన్నా_ఆల్గే

బోరు నీళ్లతో మొదలెడదాం, తప్పు జరిగేది అక్కడే ఎక్కువ. అనంతపురం బోర్లలో కాఠిన్యం ఎక్కువ, ఫ్లోరైడ్ కూడా. స్పిరులినా పెంచే జరూక్ మాధ్యమంలో (పోషక ద్రావణం) సోడియం బైకార్బొనేట్ లీటరుకు 16.8 గ్రాములు పడుతుంది. పీహెచ్ 10 దాటగానే కాల్షియం తెల్లటి సున్నపు రేణువులుగా దిగి, ఫాస్ఫేటును కూడా తనతో లాక్కుపోతుంది. తొట్టి అడుగున తెల్ల మడ్డి కనిపిస్తుందంటే మీరు వేసిన ఎరువు అక్కడ పడి ఉన్నట్టే. ఆవిరైన కొద్దీ బోరు నీళ్లు పోస్తూ పోతే ఉప్పు పేరుకుంటుంది. సౌందర్య సామగ్రికి వాడే నాచును ఆర్వో నీళ్లలో, అదీ టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 50 లోపు ఉన్నదాంట్లో పెంచండి.

నాస్టాక్‌కు బీజీ-11 మాధ్యమం, సోడియం నైట్రేట్ తీసేసి. నాస్టాక్ గాలిలోని నత్రజనిని తనే తీసుకుంటుంది, నైట్రేట్ లేకపోతే ఇతర నాచులు పోటీకి రావడం తగ్గుతుంది. లీటరుకు డైపొటాషియం ఫాస్ఫేట్ 0.04 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ 0.075, కాల్షియం క్లోరైడ్ 0.036, సిట్రిక్ ఆమ్లం 0.006, ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 0.006, ఈడీటీఏ 0.001, సోడియం కార్బొనేట్ 0.02, సూక్ష్మ పోషకాల ద్రావణం 1 మి.లీ. పీహెచ్ 7.5 దగ్గర పెట్టండి. ఉష్ణోగ్రత 25-30. పన్నెండు నుంచి పదిహేను రోజులు మెత్తటి వెలుగులో పెంచండి.

ఎంఏఏ పుట్టేది ఆ తర్వాత. నాచుకు యూవీ తగిలితేనే అది తన గొడుగు తయారు చేసుకుంటుంది. గాజు సీసాలో, గ్లాస్ జార్‌లో ఎండలో పెట్టి సారంలో ఏమీ రాలేదని చాలామంది అంటారు. మామూలు గాజు యూవీ-బీని లోపలికి రానివ్వదు. వెడల్పాటి ట్రేలలో 5 సెంటీమీటర్ల లోతు పోసి, మొదటి రెండు రోజులు 50 శాతం షేడ్ నెట్ కింద, తర్వాత మూడు రోజులు ఉదయం 8 నుంచి 11 దాకా నేరుగా ఎండలో. మొదటిరోజే మధ్యాహ్నపు ఎండకు పెడితే రంగు పసుపుకు తిరిగి, మూడోరోజుకు తెల్లబడి చచ్చిపోతుంది. నీళ్ల ఉష్ణోగ్రత 35 దాటితే నీడకు మార్చేయండి.

పల్చటి గుడ్డలో వడకట్టి, ఆర్వో నీళ్లతో రెండుసార్లు కడిగి, 45 డిగ్రీల లోపు గాలి ఆడేలా ఆరబెట్టండి. నాస్టాక్ జిగురు వల్ల పైన ఎండినట్టు కనిపించి లోపల తడి మిగిలిపోతుంది, అక్కడ బూజు పడుతుంది. విరిస్తే టక్కున విరగాలి.

హంద్రీ_కెమిస్ట్

సారం తీత నేను రాస్తా. పొడి 10 గ్రాములు, డిస్టిల్డ్ నీళ్లు 200 మి.లీ. పదింతల నీళ్లు చాలనుకుంటే జిగురు ఉబ్బి జావలా తయారై వడకట్టలేరు, ఇరవై ఇంతలు వేయండి. 45 డిగ్రీల దగ్గర రెండు గంటలు కలుపుతూ ఉంచాలి. పరిశోధనల్లో 20-25 శాతం మిథనాల్ వాడతారు, అది కొలత కోసం చేసే సారం. చర్మానికి వెళ్లేదాంట్లో మిథనాల్ వద్దు.

గుడ్డలో వడకట్టాక సెంట్రిఫ్యూజ్ (వేగంగా తిప్పి మడ్డిని విడదీసే యంత్రం) ఉంటే పది నిమిషాలు తిప్పండి. పైన తేరిన నీళ్లు కొద్దిగా నీలంగానో వంకాయ రంగుగానో ఉంటాయి, అది ఫైకోబిలి ప్రొటీను. దాన్ని 60 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచితే ప్రొటీను రంగు పోయి గడ్డలుగా విరుగుతుంది, ఎంఏఏలకు ఆ వేడి లెక్క కాదు. చల్లార్చి మళ్లీ వడకట్టండి. లేత పసుపు రంగు నీళ్లు మిగలాలి. పచ్చదనం ఉంటే కణాల ముక్కలు దాటి వచ్చినట్టు, 0.45 తర్వాత 0.2 మైక్రాన్ ఫిల్టర్ వేయండి.

ఇంకా జిగురు ఉంటే రెండింతల ఇథనాల్ కలిపితే చక్కెర జిగురు తెల్లటి పీచులా కిందికి దిగుతుంది, ఎంఏఏలు పైనే ఉంటాయి. కానీ ఇథనాల్ కొని నిల్వ చేయడానికి ఎక్సైజ్ అనుమతి కావాలి. పెయింట్ షాపుల్లో దొరికే డీనేచర్డ్ స్పిరిట్ దీనికి వాడొద్దు, దాంట్లో విషం కలుపుతారు. నా అభిప్రాయం, ఆ జిగురు ఉండనివ్వండి. చర్మంలో తడి నిలపడానికి ఆ చక్కెరలే పనికొస్తాయి.

తక్కువ పీడనంలో 45 డిగ్రీల దగ్గర 20 మి.లీ. దాకా ఇగర్చి, సమానంగా 20 మి.లీ. గ్లిజరిన్ కలపండి. 10 గ్రాముల పొడిలో 0.5 శాతం, అంటే 50 మి.గ్రా. ఎంఏఏ మొత్తం వచ్చిందనుకుంటే 40 మి.లీ.లో 0.125 శాతం. అది పై హద్దు. చేతికి వచ్చేది దానికన్నా తక్కువే. పీహెచ్ 5.5-6.5 మధ్య ఉంచండి, గట్టి క్షారంలో ఎంఏఏలు విరిగిపోతాయి.

తుంగభద్ర_క్యూసీ (కర్నూలు)

కొలవకుండా ఇది నడవదు. ఫార్మసీ కాలేజీల్లో యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ (ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత శోషణో కొలిచే యంత్రం) ఉంటుంది. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా దొరుకుతుంది, అడిగితే చాలు. సారాన్ని ఇరవై ఇంతలు పలుచన చేసి 250 నుంచి 750 నానోమీటర్ల దాకా పూర్తి స్కాన్ తీయించండి. నమూనా పోసే చిన్న పాత్ర, క్యువెట్, క్వార్ట్జ్‌ది కావాలి. ప్లాస్టిక్ క్యువెట్ 340 కన్నా కింద తనే యూవీని మింగేస్తుంది, అంకె అబద్ధం చెప్తుంది.

334 దగ్గర గుండ్రటి శిఖరం కనిపిస్తే ఎంఏఏ ఉన్నట్టు. శిఖరం లేకుండా 280 నుంచి కిందికి జారే వాలు మాత్రమే ఉంటే అది ప్రొటీనూ కేంద్రకామ్లాలూ, రక్షణ కాదు. 665 దగ్గర చిన్న బుడిపె వచ్చినా పత్రహరితం ఉన్నట్టే, ఆ బ్యాచ్ పక్కన పెట్టేయండి.

ఉదాహరణకు 334 దగ్గర వాలును తీసేశాక శోషణ 0.50 వచ్చింది. 134.6తో (లీటరుకు 1 గ్రాము ఉంటే వచ్చే శోషణ) భాగిస్తే లీటరుకు 0.0037 గ్రా., ఇరవైతో గుణిస్తే 0.074 గ్రా. అంటే 0.0074 శాతం. సీసా మీద ‘100 శాతం నాచు సారం’ అని రాసుకునే వస్తువులో అసలు సరుకు ఎంత ఉందో ఇలా తెలుస్తుంది. కొనే ప్రతి డబ్బాకు ఈ స్కాన్ అడగండి.

గండికోట_బండ

ఇంత పల్చనగా ఉంటే ఇంక ఎందుకు వేయల్ల సార్?

హంద్రీ_కెమిస్ట్

తేమ నిలపడానికి, జింక్ క్రీమ్ వల్ల వచ్చే పొడిబారిన భావం తగ్గడానికి, ఫ్రీ రాడికల్స్‌ను కొంత అదుపు చేయడానికి. అంతవరకే చెప్పి అమ్మితే అది నిజాయితీ. ‘నాచుతో ఎండ రక్షణ’ అని డబ్బా ముందు పెద్ద అక్షరాలతో రాయడం మోసం. ఎండ ఆపేది జింక్.

ప్రయోగపు బ్యాచ్ 100 గ్రాములకు రాస్తున్నా, ల్యాబ్‌లో చేసి చూడటానికే, అమ్మకానికి కాదు. నూనె భాగంలో పూత ఉన్న జింక్ ఆక్సైడ్ 20, క్యాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్ 20, కోకో క్యాప్రిలేట్ 9, నీళ్లనూ నూనెనూ కలిపి ఉంచే ఎమల్సిఫయర్ పాలీగ్లిజరిల్-2 డైపాలీహైడ్రాక్సీస్టియరేట్ 3, పాలీహైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లం 1, తేనెమైనం 1, విటమిన్ ఇ 0.5. నీటి భాగంలో డిస్టిల్డ్ నీళ్లు 36.9, గ్లిజరిన్ 4, మెగ్నీషియం సల్ఫేట్ 0.7. చివర్లో ఫినాక్సీఇథనాల్‌తో ఇథైల్‌హెక్సిల్‌గ్లిజరిన్ కలిసిన ప్రిజర్వేటివ్ 0.9. దాంతోపాటు నాచు సారం 3.

మొదట జింక్‌ను పాలీహైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లంతోనూ సగం నూనెతోనూ కలిపి పది నిమిషాలు హోమోజినైజర్‌లో నూరండి. గాజు పలక మీద ఒక చుక్క పూసి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే చుక్కలు చుక్కలుగా కాకుండా పాలపొరలా కనిపించాలి. గరుకుగా ఉంటే జింక్ ముద్దకట్టినట్టు. మధ్యలో కనిపించే ఆ సందుల గుండానే ఎండ దిగుతుంది. ఇరవై శాతం జింక్ వేసినా కొన్ని క్రీములు కాపాడలేకపోవడానికి అసలు కారణం ఇదే.

మిగతా నూనె, ఎమల్సిఫయర్, మైనం 75 డిగ్రీలకు వేడిచేసి జింక్ ముద్ద కలపండి. నీటి భాగం కూడా అదే వేడికి తెచ్చి సన్నటి ధారగా, పది నిమిషాలు పట్టేలా పోయాలి. ఇది నీళ్లు నూనెలో తేలే ఎమల్షన్. గబగబా పోస్తే తిరగబడి పెరుగు విరిగినట్టు అవుతుంది, మళ్లీ బాగుకాదు. 40 డిగ్రీలకు దిగాక సారం, ప్రిజర్వేటివ్ వేసి మళ్లీ ఐదు నిమిషాలు తిప్పండి.

కార్బోమర్ (నీళ్లను చిక్కబరిచే పాలిమర్) జెల్‌లో జింక్ వేయాలని మాత్రం చూడొద్దు. జింక్ అయాన్లు కార్బోమర్‌ను పట్టేస్తాయి, జెల్ గంటల్లో నీళ్లలా పల్చబడిపోతుంది.

సీమ_చర్మం

నీళ్లు నూనెలో తేలే రకం ఎంచుకోవడం మన ఎండకు సరైన నిర్ణయం. ఎంఏఏలు నీళ్లలో కరిగేవి, నీళ్ల బేస్ క్రీమ్‌లో వేస్తే మొదటి చెమటకే కారిపోతాయి. చెమట, కండువాతో తుడుచుకోవడం, దుమ్ము, పొలంలో ఇవన్నీ ఉంటాయి. రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. ముఖానికీ మెడకీ కలిపి అర చెంచా పడుతుంది. పలుచగా పూస్తే డబ్బా మీది అంకె చర్మం మీదికి రాదు.

ఇంకా ఒకటి. కొత్త సారం ఏదైనా మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత పూసి 48 గంటలు చూడాలి. నాచు ప్రొటీన్లు కొందరికి పడవు.

చిత్రావతి_గట్టు

అర్థమైంది మేడం. స్పిరులినా నీలం రంగు వేస్తే క్రీమ్ చూడటానికి బాగుంటుందని కొందరు అంటున్నారు. ఫైకోసయనిన్ వేయొచ్చా?

హంద్రీ_కెమిస్ట్

ఎండలో పెట్టే వస్తువుకు అది నిలబడే రంగు కాదు. 45 డిగ్రీలు దాటితే విరుగుతుంది, వెలుగులో వెలిసిపోతుంది. పీహెచ్ 5.5-6 మధ్య కొంచెం స్థిమితంగా ఉంటుంది, జింక్ ఉన్న క్రీమ్ 7 దాటి పోతుంది. కారు డాష్‌బోర్డు మీద పెట్టిన ట్యూబు మన ఊళ్లో మే నెలలో 60 డిగ్రీలు సులభంగా చేరుతుంది. నీలం కాస్తా బూడిద రంగుకు తిరుగుతుంది, కొన్నవాళ్లు సరుకు పాడైందనుకుంటారు. అస్టాజాంథిన్ అయితే నూనెలో కరుగుతుంది, 0.01 శాతం వేస్తే లేత గులాబీ నారింజ ఛాయ వచ్చి జింక్ తెల్లదనాన్ని కాస్త తగ్గిస్తుంది. ఎక్కువ వేస్తే తెల్ల చొక్కా కాలరుకు మరక పడుతుంది.

తుంగభద్ర_క్యూసీ

పాడయ్యే చోట్లు చెప్తా. నాచు సారంలో చక్కెరలు, ప్రొటీను ఉంటాయి, బ్యాక్టీరియాకు అది విందు. గది ఉష్ణోగ్రతలో ప్రిజర్వేటివ్ లేని సారం రెండు రోజుల్లో మురుగు వాసన కొడుతుంది. అది ఫ్రిజ్‌లో ఉన్నా వారం మించి నమ్మొద్దు. ఫినాక్సీఇథనాల్ హద్దు 1 శాతం, సారంలో ఒకసారి క్రీమ్‌లో ఒకసారి వేస్తే మొత్తం ఆ హద్దు దాటకుండా చూసుకోండి. ప్రిజర్వేటివ్ నిజంగా పని చేస్తుందా అన్నది ఐఎస్‌ఓ 11930 పద్ధతిలో, బ్యాక్టీరియా, బూజు కావాలని వేసి 28 రోజులు చూసి తేలుస్తారు.

నిలకడ కోసం 45 డిగ్రీల ఓవెన్‌లో మూడు నెలలు పెట్టండి. పైన నూనె తేలిందా, రంగు మారిందా, 334 శిఖరం ఎంత తగ్గిందో నెలకోసారి చూడండి. లోహాలు ఎంత ఉన్నాయో కొలిచే ఐసీపీ పరీక్ష తప్పదు, నాచు నీళ్లలోని సీసాన్నీ ఆర్సెనిక్‌నూ తనలో కూడబెట్టుకుంటుంది. మన నియమాల్లో రంగులకు సీసం 20 పీపీఎం, ఆర్సెనిక్ 2 పీపీఎం హద్దు. సారానికి కూడా ఆ అంకెలనే కొలమానంగా పెట్టుకోండి.

లైసెన్సు_దారి (కర్నూలు)

చట్టం వైపు. మన దేశంలో సన్‌స్క్రీన్ కాస్మెటిక్ కిందికి వస్తుంది. కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం తయారీకి రాష్ట్ర లైసెన్సు అధికారికి సీఓఎస్-5 దరఖాస్తు, వచ్చేది సీఓఎస్-8 లైసెన్సు. సొంత ఫ్యాక్టరీ లేకుండా వేరేవాళ్ల యూనిట్‌లో చేయించుకుంటే సీఓఎస్-6, లోన్ లైసెన్సు సీఓఎస్-9. మీలాంటి చిన్న యూనిట్‌కు ఈ రెండో దారే తేలిక. జంతువుల మీద పరీక్షలు 2014 నుంచి నిషేధం.

అనుమతించిన యూవీ ఫిల్టర్ల జాబితాలో నాచు సారాలు లేవు. అందుకే ఎండ రక్షణ అంకెకు ఆధారం జింకే కావాలి. ఎస్‌పీఎఫ్ అంకె వేయాలంటే ఐఎస్‌ఓ 24444 మనుషుల మీద చేసే పరీక్ష, యూవీ-ఏకు ఐఎస్‌ఓ 24443 ప్లేటు పరీక్ష (మనుషుల మీద కాకుండా ప్లేటు మీద పూసి కొలిచేది). క్రిటికల్ వేవ్‌లెంగ్త్ (రక్షణ యూవీ-ఏలో ఎంతదాకా సాగుతుందో చెప్పే అంకె) 370 నానోమీటర్లకు తగ్గకూడదు. జింక్ ఒక్కటే ఉన్నా ఇది మామూలుగా దాటుతుంది, ఎంఏఏల కోసం తంటాలు పడక్కర్లేదు.

మన ప్రాంతంలో సేకరించిన నాచు జాతిని వ్యాపారానికి వాడితే జీవవైవిధ్య చట్టం, 2002 కింద రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందే తెలియజేయాలి. గోడల మీది పొర అని తేలిగ్గా తీసుకోవద్దు, అదీ జీవవనరే.

చిత్రావతి_గట్టు

అందరికీ కృతజ్ఞతలు. స్పిరులినా సారంతో సన్‌స్క్రీన్ ఆలోచన మానేశా. రెండు ట్రేలలో నాస్టాక్ మొదలుపెట్టి, 100 గ్రాముల జింక్ బ్యాచ్ ఒకటి సారంతో, ఒకటి సారం లేకుండా చేస్తా. రెండింటినీ ప్లేటు పరీక్షకు పంపుతా. ఏ నెలలో మొదలెట్టడం మంచిది అక్కా?

పెన్నా_ఆల్గే

అక్టోబరు చివర్న మొదలెట్టు అన్నా. అప్పటికి వానలు తగ్గుతాయి, పగలు నీళ్లు 30 దాటవు, ఎండలో యూవీ తగినంత ఉంటుంది. ఫిబ్రవరి దాటిందంటే ట్రేల నీళ్లు మధ్యాహ్నానికి 40కి చేరతాయి, నాస్టాక్ నిలవదు. సారం లేని బ్యాచ్‌లో సారానికి బదులు 1.5 నీళ్లు, 1.5 గ్లిజరిన్ వేయి. సారంలో సగం గ్లిజరిన్ కదా, అది సమానం చేయకపోతే తేడా ఎవరి వల్ల వచ్చిందో తెలియదు.

తుంగభద్ర_క్యూసీ

ప్లేటు పరీక్షకు పంపేటప్పుడు రెండు నమూనాలకూ కోడ్ నంబర్లు మాత్రమే వేయండి. ఏది ఏదో ల్యాబ్‌కు తెలియకూడదు. ఒక్కో బ్యాచ్ మూడుసార్లు చేసి ఆరు డబ్బాలు పంపితే, జింక్ నూరుడులో వచ్చే తేడా ఎంత, సారం తేడా ఎంత అన్నది విడిగా కనిపిస్తుంది.

గండికోట_బండ

ఫలితం వచ్చినాక ఇక్కడే పెట్టన్నా. 334 స్కాన్ గీత కూడా పెట్టు, మేమూ చూస్తాం.

చిత్రావతి_గట్టు

తప్పకుండా. మొదటి స్కాన్ నవంబరు మూడో వారానికి వస్తుంది, బాగా వచ్చినా రాకపోయినా గీత ఇక్కడ పెడతా.